ఇన్‌చార్జి మేనమామ

మహమ్మారి వచ్చిన ఏడాది మనిషికి ముక్కు ఎందుకుందో ప్రభుత్వానికి తెలిసిపోయింది. అంతకుముందు దాని మీద మగవాళ్లు కోపం పెట్టుకునేవాళ్లు, ఆడవాళ్లు పుడక పెట్టుకునేవాళ్లు, వింత ఏదైనా కనబడితే అందరూ వేలేసుకునేవాళ్లు. ఆ ఏడు అందులో పుల్ల పెట్టడం మొదలైంది. పుల్ల పెట్టించుకోనివాడు ఊరు దాటడానికి లేదు. పెట్టించుకుని దాటినవాడు, దిగిన ఊళ్లో మళ్లీ పెట్టించుకుంటేనే గాని గది దాటడానికి లేదు. ఒక రాష్ట్రపు పుల్ల చెప్పిన మాట ఇంకో రాష్ట్రం నమ్మేది కాదు.

అలాంటి రోజుల్లో బరంపురంలో పట్టుచీరల కొట్టు నడుపుకునే లింగమూర్తి, తన మేనకోడలు హైమ పెళ్లికి వేగేశ్వరం వచ్చాడు. పెళ్లి హోటల్ పద్మనాభ ప్యాలెస్‌లో. కింద కల్యాణ మండపం, పైన మూడు అంతస్తుల్లో గదులు. అక్క కామాక్షమ్మ తమ్ముడికి అక్కడే గది తీసిపెట్టింది. మంచం దిగితే మండపమేరా అని ఫోన్లో ఎంతో సంబరంగా చెప్పింది. పాపం, ఆ ఊరి ప్రయాణ పరీక్షల ప్రత్యేకాధికారి దివాకరం గారి సంగతి ఆవిడకు అప్పటికింకా తెలియదు.

దివాకరం గారు పని చేసి అలిసిపోయే రకం కాదు, పని పుట్టించి అలిసిపోయే రకం. జిల్లాకీ జిల్లాకీ మధ్య కాపలా ఉన్నప్పుడు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఎందుకు ఉండకూడదని ఒకరోజు భోంచేస్తుండగా ఆయనకు తట్టింది. చెయ్యి కడుక్కునేలోగా ఉత్తర్వు తయారైంది. పరాయి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు ఏ హోటల్లో దిగినా చిట్టచివరి అంతస్తులోనే ఉండాలి. ఆ అంతస్తు పరాయి రాష్ట్రం కిందే లెక్క. అక్కడి నుంచి కిందికి దిగడం రాష్ట్రంలో ప్రవేశించడం కిందే లెక్క. ఆ లెక్క ప్రకారం లిఫ్టును కూడా సవరించారు. అది మనుషులను ఎక్కించుకుని పైకి వెళ్తుంది, ఖాళీగా కిందికి వస్తుంది.

లింగమూర్తి పెళ్లికి ముందురోజు పొద్దున్నే దిగాడు. చేతి మీద ముద్ర వేసి లిఫ్టులో ఎక్కిస్తే మర్యాద చేస్తున్నారనుకున్నాడు. మూడో అంతస్తులో తను తప్ప ఇంకెవరూ లేరని చూసి, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాడు. స్నానం చేసి, పంచె కట్టుకుని, అక్కను చూద్దామని మెట్ల దగ్గరికి వచ్చాడు. మెట్ల మలుపులో అడ్డంగా ఒక తాడు, తాడు పక్కన కుర్చీ, కుర్చీలో అప్పన్న అనే కాపలాదారు కనబడ్డారు.

"రిపోర్టుందాండి?" అన్నాడు అప్పన్న లేచి నిలబడి.

లింగమూర్తి ఫోన్ తీసి నిన్ననే బరంపురంలో చేయించుకున్న నెగటివ్ రిపోర్టు చూపించాడు. అప్పన్న దాన్ని భక్తిగా చదివాడు.

"ఇది ఒరిస్సా రిపోర్టండి. మనకి చెల్లదండి."

"ముక్కు ఇదేగా నాయనా! బరంపురంలో వదిలేసి ఇంకోటి పెట్టుకొచ్చానా?"

"ఆయ్, నిజమేనండి. అయినా ఇక్కడ మళ్లీ టెస్టు చేయించుకోవాలండి."

"చేయించుకుంటాను. ఎక్కడ చేస్తారు?"

"కిందండి. రిసెప్షన్ పక్కనేనండి."

"అయితే ఆ తాడు తియ్యి, వెళ్లి చేయించుకుంటా."

"రిపోర్టుంటే తీస్తానండి."

అప్పన్న మొహంలో ఎగతాళి ఏమీ లేదు. పెళ్లికొచ్చిన పెద్దమనిషికి సాయం చెయ్యలేకపోతున్నానే అన్న బాధే ఉంది. అలాంటివాడితో పోట్లాడడం కూడా కష్టమే.

ఇంతలో కామాక్షమ్మ మెట్లెక్కి తాడు అవతలికి వచ్చింది. తమ్ముణ్ణి చూడగానే ఆవిడ కళ్లు నీళ్లతో నిండాయి.

"ఇదేం ఖర్మరా తమ్ముడూ! రేపు పొద్దున్నే ముహూర్తం. నువ్విక్కడుంటే గంప ఎవరెత్తుతార్రా?"

గంప మాట వినేసరికి లింగమూర్తి రెండు చేతులా తాడు పట్టుకున్నాడు. వాళ్లలో పెళ్లికూతురు మండపానికి నడిచి రాదు. కొత్త గంపలో బియ్యం పోసి, అందులో కూర్చోబెట్టి, మేనమామ ఎత్తుకొస్తాడు. హైమకు ఉన్నది ఒక్కడే మేనమామ. చిన్నప్పుడు అది కూరగాయల గంపలోంచి వంకాయలు కుమ్మరించి, తను ఎక్కి కూర్చుని, మామయ్యా ఎత్తు అనేది. ఇంటి చుట్టూ తిప్పితేనే దిగేది. పెళ్లిలో కూడా నువ్వే మోయాలి, ముసలాణ్ణయ్యానంటే కుదరదు అని అప్పుడే మాట తీసుకుంది. సంబంధం కుదిరిన దగ్గర్నుంచీ లింగమూర్తి రోజూ పొద్దున్నే కొట్లో చీరల బేళ్లు ఎత్తి దించుతున్నాడు. కొట్లో గుమాస్తాలు యజమానికి మతి చలించిందనుకున్నారు కూడా. అంత కష్టపడి నడుం గట్టిపరుచుకుని వస్తే ఇక్కడ నాలుగు పేటల తాడు అడ్డొచ్చింది.

"కంగారుపడకక్కా, ఆ అధికారి ఎవరో ఆయనతో మాట్లాడతాను," అన్నాడు.

ఆయనే వచ్చారు. హోటల్ ముందు ఆవరణలో పందిరి వేస్తున్నారు. దివాకరం గారు ఆ పందిరి పక్కన నిలబడి, చేతిమైకు పట్టుకుని, బాల్కనీలో ఉన్న లింగమూర్తిని ఉద్దేశించి మాట్లాడారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా మైకులోనే అడుగుతారని ఊళ్లో ఒక మాట ఉంది.

"మీ సమస్య మా దృష్టికి వచ్చింది. మీరు పరీక్ష నిమిత్తం దిగవలసిన అవసరం లేదు. పరీక్షే మీ వద్దకు వస్తుంది. ప్రజల వద్దకే పుల్ల!"

పొద్దున లింగమూర్తికి టిఫిన్ పంపిన బకెట్‌కే తాడు కట్టి పుల్లనూ సీసానూ పైకి పంపారు. కింద నుంచి నర్సమ్మ చెబుతుంటే లింగమూర్తి తన ముక్కులో తనే పొడుచుకుని, తుమ్మి, సీసా మూత బిగించి బకెట్‌లో దించాడు. రిపోర్టు రెండు గంటల్లో వచ్చేస్తుందని నర్సమ్మ అన్నది. ఆ మాట పూర్తి కాకుండానే దివాకరం గారు చెయ్యెత్తారు.

"ఆగండి. ఈ సీసా ఎక్కడి నుంచి వచ్చింది?"

"పైనుంచండి," అంది నర్సమ్మ.

"అనగా పరాయి రాష్ట్రం నుంచి. దీనికి రిపోర్టు ఉన్నదా?"

"దీన్ని పరీక్ష చేస్తేనే కదండీ రిపోర్టు వచ్చేది!"

"రిపోర్టు లేని వస్తువును ల్యాబుకు ప్రయాణం చేయనిస్తే రేపు ఎవరు సమాధానం చెప్పాలి? మనిషికొక నీతి, సీసాకొక నీతి ఉండదమ్మా మా హయాంలో."

అలా లింగమూర్తి శాంపిల్‌కి మొదటి అంతస్తులో ఏసీ గది ఇచ్చారు. రేపటిదాకా అది అక్కడే నిర్బంధంలో ఉండాలి. అద్దె లింగమూర్తి ఖాతాలో రాశారు. ఉచిత టిఫిన్ కూడా ఉంది గాని శాంపిల్ తినలేదు.

మధ్యాహ్నం దాటేసరికి చుట్టాలందరిలోనూ గుసగుసలు బయల్దేరాయి. మేనమామ లేకుండా గంప ఎత్తడం ఏమిటని పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు, ఎవరో ఒకరితో కానిచ్చేస్తే పోలా అని మగవాళ్లు. కామాక్షమ్మ దివాకరం గారి దగ్గరికెళ్లి చేతులు జోడించింది. ఆయన కరిగిపోయారు. అదే వచ్చిన చిక్కు. అధికారి కఠినంగా ఉంటే తలొంచుకు పోవచ్చు, కరిగితే మాత్రం కొత్త ఉత్తర్వు పుడుతుంది.

"అమ్మా, ప్రభుత్వంలో ఏ కుర్చీ ఖాళీగా ఉండదు," అని ఆయన మైకులో ప్రకటించారు. "తహసీల్దారు సెలవు పెడితే పని ఆగుతుందా? ఇంకొకరికి బాధ్యతలు ఇస్తాం. అదే సూత్రం మేనమామకూ వర్తిస్తుంది. సదరు లింగమూర్తి గారు రిపోర్టు పొంది విధుల్లో చేరేంత వరకు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ శ్రీ త్రినాథరావును మేనమామగా పూర్తి అదనపు బాధ్యతలతో నియమించడమైనది."

గుంపులోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక మనిషి బెదురుతూ ముందుకొచ్చాడు. త్రినాథరావుకు నలభై దగ్గరపడుతున్నా పెళ్లి కాలేదు. ఎవరు ఏ బాధ్యత వద్దన్నా అది అతని నెత్తినే పడుతుంది. అప్పటికే దోమల నివారణకూ కోడిపందేల నిఘాకూ పాత చెరువు గట్టుకూ అతనే ఇన్‌చార్జి.

అతను తాడు దగ్గరికి వచ్చి లింగమూర్తికి నమస్కారం పెట్టాడు. "ఛార్జి తీసుకోడానికి వచ్చానండి. తమరు అప్పగిస్తే…"

"ఏవిటయ్యా అప్పగించేది?" లింగమూర్తి గొంతు హోటలంతా వినబడింది. "అది ఆఫీసు బీరువానా, తాళాలివ్వడానికి? దాన్ని నేను పురిట్లో ఎత్తుకున్నాను. నడక నేర్పాను. నువ్వెవడివి?"

"తప్పేనండి. కానీ ఉత్తర్వండి." త్రినాథరావు తల దించుకున్నాడు. "మాకు అక్కచెల్లెళ్లు లేరండి. అన్నదమ్ములూ లేరండి. మేనమామంటే ఏం చెయ్యాలో తెలీదండి. కాస్త చెబుతారేమోనని వచ్చానండి."

"పోవయ్యా, పో!" అని లింగమూర్తి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కోపం కొంతసేపు ఉంది. తర్వాత ఏడుపొచ్చింది. ఎవరూ చూడని అంతస్తు కాబట్టి కాసేపు ఏడ్చాడు కూడా.

సాయంత్రం కింద ఏదో చప్పుడైతే బాల్కనీలోకి వచ్చి చూశాడు. పందిట్లో త్రినాథరావు గంపలో బియ్యం బస్తా పెట్టి సాధన చేస్తున్నాడు. వంగుతున్నాడు, ఎత్తలేక కూలబడుతున్నాడు, లేచి మళ్లీ వంగుతున్నాడు. కొంగలా వంగే ఆ మనిషి చేతుల్లో రేపు హైమ ఉంటుందనుకుంటే లింగమూర్తికి ఒళ్లు మండింది. చూడకూడదనుకున్నాడు. చూశాడు. నోరు మెదపకూడదనుకున్నాడు. అదీ కుదరలేదు.

"నడుం వంచకయ్యా! మోకాళ్లు వంచు! మోకాళ్లు!"

త్రినాథరావు ఉలిక్కిపడి పైకి చూసి, మోకాళ్లు వంచాడు. గంప లేచింది. అతను ఆ బస్తాను మోస్తూనే పైకి చూసి నవ్వాడు. లింగమూర్తి మొహం తిప్పుకున్నాడు.

తెల్లవారింది. పందిట్లో సన్నాయి మొదలైంది. హైమ బాసికం కట్టుకుని సిద్ధంగా ఉంది. త్రినాథరావు కొత్త పంచె కట్టుకుని, గంప పక్కన పరీక్షకు వచ్చిన విద్యార్థిలా నిలబడ్డాడు. అంతా సవ్యంగా జరిగిపోయేదే గాని, పెళ్లికొడుకు తండ్రి వీరభద్రం గారు మునిసిపాలిటీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు ఉత్తర్వు కనబడితే చదవకుండా ఉండలేని జబ్బుంది. గోడ మీద అంటించిన త్రినాథరావు నియామకపు ఉత్తర్వును కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి దివాకరం గారి దగ్గరికి వచ్చారు.

"పూర్తి అదనపు బాధ్యతలు అన్నారు. అంటే ఈయన అన్నివిధాలా మేనమామేనా?"

"సందేహమా?" దివాకరం గారి ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "సమస్త హక్కులు, అధికారాలు, బాధ్యతలతో సహా."

"సమస్త హక్కులంటే… మన ఆచారంలో మేనకోడల్ని చేసుకునే హక్కు మొదట మేనమామది కదండీ?"

సన్నాయి ఆగిపోయింది.

"ఆ పైనున్నాయనకి పెళ్లయి పిల్లలున్నారు, బాధ లేదు," అన్నారు వీరభద్రం గారు. "ఈయన బ్రహ్మచారి. రేపొద్దున ఉత్తర్వు పట్టుకుని వచ్చి హక్కు నాదంటే మా వాడి గతేంటి?"

"అయ్యబాబోయ్! నాకొద్దండి!" త్రినాథరావు రెండు చేతులూ ఊపాడు. "నాకే హక్కూ వద్దండి, రాసిచ్చేస్తానండి!"

దివాకరం గారు గంభీరంగా తలూపారు. "మీరు రాసివ్వడానికి వీల్లేదు. ఇన్‌చార్జి రోజువారీ పనులు మాత్రమే చూడవలెను. హక్కులు వదులుకోవడం విధానపరమైన నిర్ణయం. దీనిపై స్పష్టత కోరుతూ పైకి రాస్తాను."

"ఎప్పుడొస్తుంది ఆ స్పష్టత?"

"సాధారణంగా వస్తుంది," అన్నారు దివాకరం గారు.

"అది వచ్చేదాకా మావాడు తాళి కట్టడు," అని వీరభద్రం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కామాక్షమ్మ అక్కడే కూలబడింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గడియారం చూపించి గోల పెట్టసాగాడు.

పైనుంచి ఇదంతా వింటున్న లింగమూర్తి బాల్కనీ అంచుకు వచ్చాడు. తన గంప పంతం వల్ల పిల్ల పెళ్లే ఆగిపోయేలా ఉంది. కిందికి వంగి అరిచాడు.

"అక్కా! గంప వద్దు! మేనమామా వద్దు! పిల్లని నడిపించుకుంటూ తీసుకెళ్లిపోండే! నేనేమీ అనుకోను!"

అనుకోనన్నాడే గాని, అది అతను ఎంత కష్టపడి అన్నాడో ఆ గొంతే చెప్పింది. కింద వాదించుకుంటున్నవాళ్లంతా తలలెత్తి పైకి చూశారు. దివాకరం గారు తప్ప.

"వీల్లేదు. పోస్టు భర్తీ అయిన తరువాత గంప ఎత్తకపోతే విధినిర్వహణలో నిర్లక్ష్యం కింద త్రినాథరావుపై చర్య తీసుకోవలసి వస్తుంది."

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న హైమ లేచి నిలబడింది. బాసికం సరిచేసుకుంది. పై అంతస్తు వైపు ఒకసారి, దివాకరం గారి వైపు ఒకసారి చూసింది.

"సార్, కిందికి దిగడానికి రిపోర్టు కావాలి. పైకి ఎక్కడానికి ఏం కావాలి?"

దివాకరం గారు ఉత్తర్వు తీశారు. మొదటి పేజీ, రెండో పేజీ, వెనక అట్ట కూడా చూశారు. సొంతంగా రాసినదే అయినా మరొకరు దాచిపెట్టినట్టు వెతికారు.

"ఎగువ ప్రయాణం గురించి… ఇందులో ప్రస్తావన లేదు."

"అయితే నాకు అడ్డు లేదుగా. పైన పరాయి రాష్ట్రం, అక్కడ మీ ఉత్తర్వూ చెల్లదు," అని హైమ పట్టుచీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని లిఫ్టులోకి నడిచింది. కామాక్షమ్మ కళ్లు తుడుచుకుని పరుగెత్తింది. తర్వాత పెళ్లికొడుకు, వాళ్ల నాన్న పిలుస్తున్నా వినకుండా. పురోహితుడు హోమద్రవ్యాల బుట్టతో ఎక్కాడు. డోలు లిఫ్టులో పట్టక మేళగాళ్లు మెట్లమీద వాయించుకుంటూనే వచ్చారు. అప్పన్న ఒక్కొక్కరికీ తాడెత్తి నమస్కారం పెట్టి పైకి పంపించాడు. గంప దగ్గర ఇద్దరే మిగిలేసరికి వీరభద్రం గారు పక్కనున్న త్రినాథరావును అనుమానంగా చూసి, నిన్ను నమ్మడానికి లేదయ్యా అని తనూ ఎక్కేశారు.

మాస్కులు పెట్టుకుని అందరూ మూడో అంతస్తు వరండాలో సర్దుకున్నారు. లిఫ్టు ముందు పీటలు వేశారు. వరండా ఆ చివర గదిలో పెళ్లికూతురు, ఈ చివర పెళ్లికొడుకు. అంతా అయ్యాక చూస్తే గంప కిందే ఉండిపోయింది.

లింగమూర్తి బాల్కనీలోంచి తొంగి చూశాడు. అడగాల్సిన పని లేకపోయింది. త్రినాథరావు అప్పటికే గంపకు తాడు కడుతున్నాడు. మోకాళ్లు వంచి, జాగ్రత్తగా, రెండు ముళ్లు వేసి, లాగండి అని చెయ్యి ఊపాడు. గంప పైకొచ్చింది. అందులో బియ్యం మీద ఒక చీర ఉంది.

"ఇదేవిటయ్యా?"

"మేనమామ చీర పెట్టాలన్నారండి," కింద నుంచి సిగ్గుపడుతూ చెప్పాడు త్రినాథరావు. "ఒక్క పూటైనా ఛార్జిలో ఉన్నాను కదండి. పెట్టకపోతే బాగోదని రాత్రి కొన్నానండి. పనికొస్తదాండి?"

లింగమూర్తి చీరను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముప్పయ్యేళ్లుగా అదే పని. పట్టు కాదు, పట్టులా మెరిసే మిల్లు గుడ్డ. రెండు ఉతుకుల్లో రంగు దిగిపోతుంది. జరీ అంతకన్నా ముందే పోతుంది. ఎవడో ఈ అమాయకుణ్ణి నిలువునా ముంచాడు. నిన్న ఈ మనిషిని పొమ్మని అరిచినందుకు లింగమూర్తికి సిగ్గేసింది.

"మంచి చీరయ్యా," అన్నాడు. "చాలా మంచి చీర. హైమకు నేనే చెప్పి కట్టిస్తాను."

హైమను గంపలో కూర్చోబెట్టారు. లింగమూర్తి మోకాళ్లు వంచాడు, అంచులు రెండు చేతులా పట్టాడు, గట్టిగా ఊపిరి తీసుకుని లేచాడు. చీరల బేళ్లకంటే పిల్ల బరువుగానే ఉంది. నడుంలో ఏదో కలుక్కుమంది. ముక్కు మీది మాస్కు చెమటకు తడిసి ఊపిరాడలేదు.

"మామయ్యా, నడుస్తాలే, దించెయ్," అంది హైమ మెల్లగా.

"నోర్మూసుకుని కూర్చో. వంకాయలు కుమ్మరించినప్పుడు లేదేం ఈ బుద్ధి!"

అది నవ్వింది. నవ్వుతూనే అతని మెడ చుట్టూ చేతులు వేసింది. వరండాలో అందరూ లేచి దారిచ్చారు. లింగమూర్తికి కళ్లల్లో నీళ్లు నిండి ముందున్నది సరిగ్గా కనబడలేదు. అయినా గంప ఎక్కడా ఒరగలేదు. పీటల దగ్గర దించి నిలబడినప్పుడు, ఈ పూటకి ఇంక ఏమైపోయినా ఫరవాలేదనుకున్నాడు. ముహూర్తానికి తాళి పడింది. కింద పందిట్లో ఒంటరిగా నిలబడిన త్రినాథరావు చేతిలో అక్షింతలు పైకి విసిరాడు. అవి మొదటి అంతస్తు దాకా వెళ్లి తిరిగి అతని నెత్తినే పడ్డాయి.

తలంబ్రాలు అయ్యి, అరుంధతిని చూపించడం కోసం పురోహితుడు అందరినీ బాల్కనీలోకి తీసుకొస్తుండగా మైకు మోగింది.

"శ్రీ లింగమూర్తి గారికి శుభవార్త! తమ శాంపిల్ నిర్బంధకాలం పూర్తి చేసుకుని, పరీక్షింపబడి, నెగటివ్‌గా తేలింది. తాము రాష్ట్రంలోకి ప్రవేశింపవచ్చును. నెగటివ్ వ్యక్తి పరాయి అంతస్తులో ఉండుట నిషిద్ధం కనుక తక్షణం దిగవలెను."

"మరి మేమండీ?" అని వీరభద్రం గారు బాల్కనీలోంచి అడిగారు.

"మీరంతా పరాయి రాష్ట్రం వెళ్లి వచ్చినవారు. మీ ముక్కుల నుంచి పుల్లలు, పుల్లలకు గదులు, గదుల నుంచి రిపోర్టులు. అంతవరకు మీరు అక్కడే."

పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని చూశాడు. వీరభద్రం గారు వియ్యపురాలిని చూశారు. కామాక్షమ్మ, కూతురు సాయంత్రానికి వెళ్లిపోతుందని వారం రోజులుగా కుమిలిపోతున్న మనిషి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే పురోహితుడు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అప్పగింతలు ఉండిపోయాయి. శాస్త్రప్రకారం జరిపించకుండా వదలకూడదు."

"ఎవర్ని అప్పగించాలి పంతులుగారూ? పిల్లా ఇక్కడే, అత్తమామలూ ఇక్కడే!"

అందరూ ఒకేసారి లింగమూర్తి వైపు తిరిగారు. ఆ అంతస్తు విడిచి వెళ్తున్నది అతనొక్కడే. సంచీ చేతిలో పట్టుకుని, బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

పాలగిన్నె తెచ్చారు. సన్నాయివాడు ఏ రాగం వాయించాలో ఒక్క క్షణం ఆలోచించి, అప్పగింతల రాగమే ఎత్తుకున్నాడు. కామాక్షమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి నడిపించింది. తాడు అవతల త్రినాథరావు వచ్చి నిలబడి ఉన్నాడు. ఎందుకు పిలిచారో తెలియక ముందుగా చేతులకు శానిటైజర్ రాసుకున్నాడు. ఆవిడ పాలలో చెయ్యి ముంచి తమ్ముడి అరచేతికి రాసి, ఆ చేతిని తాడు మీదుగా త్రినాథరావు చేతుల్లో పెట్టింది.

"బాబూ, మావాడికి కోపం ముక్కు మీదుంటుంది. మనసులో ఏమీ ఉండదు. ఆకలికి ఆగలేడు. నీ చేతుల్లో పెడుతున్నాను. తప్పులుంటే కడుపులో పెట్టుకుని చూసుకో," అంది. సరదాకే మొదలుపెట్టింది గాని, చివరికొచ్చేసరికి కొంగు కళ్లకు అద్దుకుంది.

త్రినాథరావుకు జీవితంలో ఎన్నో ఛార్జీలు ఇచ్చారు. ఇలా ఎవరూ ఇవ్వలేదు. "అలాగేనండి అక్కయ్యగారూ," అన్నాడు చాలా మెల్లగా.

హైమ వచ్చి మేనమామ మెడ కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వీరభద్రం గారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అప్పన్న తాడెత్తాడు. లింగమూర్తి ప్రతి మెట్టు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ దిగాడు.

కింద మండపంలో అందరి కోసం వండిన భోజనాలు అలాగే ఉన్నాయి. ఖాళీ కుర్చీలు, పూలు, వేసిన ఆకులు వేసినట్టే ఉన్నాయి. లింగమూర్తి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. త్రినాథరావు అతని చేతిలో సంచీ అందుకున్నాడు.

"కుడికాలు ముందు పెట్టి రండి అన్నయ్యగారూ," అన్నాడు.